మార్కులు చూసి గేమ్ కొనొచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ సంచికకి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉత్తరాలు తీసుకున్నాం. కొత్త గేమ్‌ల మీద వచ్చే విమర్శల్ని ఎలా చదవాలి, అందులో మనకి పనికొచ్చేది ఏది అన్నదే ఎక్కువమంది అడిగారు.

ప్రశ్న: బ్లాక్ మిత్: వూకాంగ్‌కి పత్రికల సగటు మార్కులు ఎనభై దాటి కొంచెమే. స్టీమ్‌లో మాత్రం నూటికి తొంభై అయిదు మందికి పైగా బాగుందన్నారు. ఎవరి మాట నమ్మాలి సార్?
– బీటెక్ విద్యార్థి, రాజాం

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే వాళ్లు కొలిచింది ఒకటి కాదు. విమర్శల్ని ఒకచోట కూర్చే మెటాక్రిటిక్ సైట్‌లో కనబడే అంకె పత్రికలు వేసిన మార్కుల సగటు. అందులోనూ కొన్ని పత్రికల మార్కుకి బరువు ఎక్కువ. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కనబడేది, రాసినవాళ్లలో ఎంతమంది బొటనవేలు పైకెత్తారన్న శాతం. వంద మంది ఆడి, అందరూ మనసులో పదికి ఏడే వేసుకున్నా, ‘ఫర్వాలేదు, కొనుక్కోండి’ అని నొక్కితే స్టీమ్‌లో అది నూటికి నూరు. అదే పత్రికల లెక్కలో 70. పైగా స్టీమ్‌లో ఓటేసేవాడు ఇలాంటి గేమే కావాలని డబ్బు పెట్టి కొనుక్కున్నవాడు. పత్రిక విమర్శకుడు తన ఇష్టాయిష్టాలతో పని లేకుండా, గడువు లోపల ముగించాల్సినవాడు.

ఇక వూకాంగ్ సంగతి. 2024 ఆగస్టు 20న వచ్చిన ఈ గేమ్ మీద విమర్శకులు ఎక్కువగా ఎత్తి చూపింది కనబడని గోడల్ని. మొదటి అధ్యాయంలోని అడవిలోనే తెలిసిపోతుంది. ఎదురుగా మోకాలెత్తు రాళ్లు, వాటి వెనక నడవడానికి వీలుగా కనిపించే వాలు ఉంటాయి. అటు వెళ్తే పాత్ర గాలిలో దేన్నో ఢీకొట్టినట్టు అక్కడే కాళ్లాడిస్తుంది. నాలుగడుగులు పక్కకి వస్తే అచ్చం అలాంటి వాలు మీదే దారి ఉంటుంది, లేదా లోయలో పడి చస్తాం. విడుదలైనప్పుడు మ్యాప్ కూడా లేదు. దీనికి కారణం ఉంది. షాన్షీ రాష్ట్రంలోని పాత గుళ్లు, యున్‌గాంగ్ గుహల్లాంటి నిజమైన చోట్లని స్కాన్ చేసి గేమ్‌లోకి తెచ్చారు. అంత వివరంగా ఉన్న దృశ్యంలో ప్రతి రాయీ ఎక్కగలిగేలాగే కనిపిస్తుంది. ఏది దారి, ఏది అలంకారం అని కంటికి చెప్పే గుర్తులు వేరే పెట్టాలి. అది సరిగ్గా చేయలేదు. ఈ విమర్శ నూటికి నూరుపాళ్లు న్యాయం.

కర్రసాము విషయంలో మాత్రం మెచ్చుకున్నవాళ్లదే సరైన మాట. స్మాష్, పిల్లర్, థ్రస్ట్ అని మూడు పద్ధతులు, శత్రువుని కాసేపు బొమ్మలా నిలబెట్టే మంత్రం, ఒకదాని వెనక ఒకటిగా వచ్చే పెద్ద శత్రువులు. పోరాటాల కోసమే ఆడేవాళ్లకి ఇంతకంటే కావాల్సింది లేదు. దారి తప్పి తిరగడం ఇష్టమైతే, ఎల్డెన్ రింగ్‌లా కొండ కనబడితే ఎక్కేద్దాం అనుకుంటే, చికాకు తప్పదు.

స్టీమ్ పేజీలో రెండు వరసలు ఉంటాయి: మొత్తం అభిప్రాయం, గత 30 రోజుల అభిప్రాయం. రెండింటికీ తేడా ఎక్కువగా ఉంటే కింద ఉన్న గ్రాఫ్ తెరవండి. ఎర్ర గీత ఏ రోజు లేచిందో చూస్తే కారణం దొరుకుతుంది. 2024 మే నెలలో హెల్‌డైవర్స్ 2 మీద కొద్ది రోజుల్లోనే రెండు లక్షలకు పైగా వ్యతిరేక రివ్యూలు పడ్డాయి. గేమ్‌లో ఆట ఏమీ మారలేదు. పీసీలో ఆడేవాళ్లు కూడా ప్లేస్టేషన్ ఖాతా తప్పనిసరిగా కలపాలన్నారు, ఆ ఖాతా దొరకని దేశాల్లోనూ అప్పటికే గేమ్ అమ్మేశారు. సోనీ వెనక్కి తగ్గింది. ఆ కోపం న్యాయమైనదే, కానీ అది గేమ్ ఎలా ఉందో చెప్పదు. ఒక్కో రివ్యూ పైన ఎన్ని గంటలు ఆడాక రాశారో కూడా ఉంటుంది. 0.3 గంటలు ఆడి తిట్టినవాడు గేమ్ తన కంప్యూటర్‌లో తెరుచుకోలేదని చెబుతున్నాడని అర్థం చేసుకోండి.

ప్రశ్న: రివ్యూలో ‘సాఫీగా నడిచింది’ అని రాశారు. నా లాప్‌టాప్‌లో ఎఫ్‌పీఎస్ 55 చూపిస్తోంది కానీ మధ్యమధ్యలో గతుక్కుమంటోంది. 6 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, 16 జీబీ ర్యామ్, 144 హెర్ట్జ్ స్క్రీన్. తప్పు నాదా, రివ్యూదా, గేమ్‌దా?
– హాస్టల్ విద్యార్థి, ఎచ్చెర్ల

జవాబు: ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకి కనబడే ఫ్రేములు, అంటే బొమ్మల సంఖ్య. 55 అన్న అంకెని ముందు పక్కన పెట్టండి. ఒక సెకనులో 54 ఫ్రేములు తలా 15 మిల్లీసెకన్లలో వచ్చి, ఒక్కటే ఒక్క ఫ్రేము 190 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. మొత్తం సరిగ్గా 1000, అంటే 55 ఎఫ్‌పీఎస్. కంటికి మాత్రం ఆ ఒక్క కుదుపే కనబడుతుంది. అందుకే సగటు ఎఫ్‌పీఎస్ ఒక్కటే ఇచ్చే రివ్యూ సగం రివ్యూ. ‘1 శాతం లో’ అనే అంకె, అంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం కూడా ఇచ్చారేమో చూడండి. సగటు 60, 1 శాతం లో 45 అయితే బాగున్నట్టు. సగటు 60 ఉండి 1 శాతం లో 18 అయితే గతుకుల రోడ్డే.

కుదుపు ఎప్పుడు వస్తోందో గమనిస్తే కారణం చాలావరకు తేలిపోతుంది.

కొత్త చోటికి వెళ్లినప్పుడో, కొత్త మంత్రం తొలిసారి వేసినప్పుడో కుదిపి, రెండోసారి కుదపకపోతే అది షేడర్ల సమస్య. గ్రాఫిక్స్ కార్డ్‌కి అర్థమయ్యే చిన్న ప్రోగ్రాములు షేడర్లు. మీ కార్డ్‌కి, మీ డ్రైవర్‌కి తగ్గట్టు వాటిని మీ మెషీన్ మీదే తయారు చేయాలి. మంచి గేమ్ ఆ పని మొదట్లోనే ముగించేస్తుంది. అప్పుడు తెర మీద ‘షేడర్లు తయారవుతున్నాయి’ అని చూపే గీత నిండేదాకా ఆగండి, మధ్యలో దాటేయకండి. డ్రైవర్ అప్‌డేట్ చేసినప్పుడల్లా మళ్లీ మొదటికి వస్తుంది. ఎన్విడియా కార్డ్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో షేడర్ క్యాష్ సైజ్‌ని 10 జీబీకి పెంచండి. ఆ పనిని ఆట మధ్యలో చేసే గేమ్ అయితే తప్పు గేమ్‌దే, మీరు చేయగలిగింది తక్కువ. ఎల్డెన్ రింగ్ 2022లో పీసీ మీద వచ్చినప్పుడు ఈ మాటే పడింది.

తల తిప్పగానే కుదిపి, గోడల మీది బొమ్మలు మసకగా ఉండి తర్వాత తేరుకుంటే కార్డ్ మెమరీ చాలడం లేదు. మీ 6 జీబీకి టెక్స్చర్లు ‘మీడియం’కి దించండి. నీడలు, గడ్డి తగ్గిస్తే కార్డ్ మీద పని తగ్గుతుంది గానీ మెమరీ అంతగా ఖాళీ అవదు. చాలామంది ఇక్కడే తప్పు మీట తిప్పుతారు. వెనకాల తెరిచి ఉన్న బ్రౌజర్ కూడా అదే మెమరీలో వాటా తింటుంది, మూసేయండి.

వేగంగా పరిగెత్తుతున్నప్పుడే కుదిపితే డిస్క్. పాత హార్డ్ డిస్క్ మీద స్టార్‌ఫీల్డ్, బాల్డర్స్ గేట్ 3 లాంటివి పెట్టకండి, వాటికి ఎస్ఎస్‌డీ కావాలని తయారీదారులే రాశారు. జనం నిండిన ఊళ్లో మాత్రమే పడిపోతే ప్రాసెసర్‌ది భారం. బాల్డర్స్ గేట్ 3 మూడో అంకం నగరం దీనికి పేరు మోసింది. ర్యామ్ ఒకే 16 జీబీ ముక్కగా ఉందా, రెండు 8 జీబీ ముక్కలుగా ఉందా చూడండి. రెండు ముక్కలుంటే ప్రాసెసర్‌కి దారి రెండింతలు.

మొదటి ఇరవై నిమిషాలు బాగుండి తర్వాత అంతా నెమ్మదిస్తే వేడి. మన సముద్రపు గాలిలోని తేమకి దుమ్ము ఊరికే ఎగిరిపోదు, ఫ్యాన్ వెనక సన్న రేకుల మధ్య అట్టలా పేరుకుపోతుంది. వెనక మూత విప్పించి, ఫ్యాన్ తిరక్కుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదించాలి. ఫ్యాన్‌ని గాలికి వదిలేస్తే వేగంగా తిరిగి బేరింగ్ పోతుంది. మంచం మీద పరుపు పైన పెట్టి ఆడకండి, వెనక భాగాన్ని అంగుళమైనా ఎత్తండి. ఎఫ్‌పీఎస్‌ని 48కి కట్టేయండి. 144ని మూడుతో భాగిస్తే 48, కాబట్టి ప్రతి ఫ్రేమూ స్క్రీన్ మీద సమానంగా మూడేసి సార్లు కనబడుతుంది, కదలిక నిలకడగా ఉంటుంది. 55 దగ్గర ఊగడం కంటే 48 దగ్గర నిలబడడం మేలు. వేడీ తగ్గుతుంది.

బొమ్మని చిన్నగా గీసి స్క్రీన్‌కి సరిపడా పెంచి చూపే డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ వాడితే 1080పీ స్క్రీన్‌కి ‘క్వాలిటీ’ దగ్గరే ఆగండి. అప్పటికే గేమ్ 1280×720లో గీస్తోంది. ‘పెర్ఫార్మెన్స్’ పెడితే 960×540కి పడిపోయి జుట్టు, ఆకులు మినుకుమినుకుమంటాయి. అసలు ఫ్రేముల మధ్య ఊహించి గీసినవి చేర్చే ఫ్రేమ్ జనరేషన్‌తో అంకె పెరుగుతుంది గానీ మీట నొక్కినప్పటి నుంచి పాత్ర కదిలే దాకా పట్టే ఆలస్యం తగ్గదు, ఇంకాస్త పెరుగుతుంది. ముందే 60 దగ్గర ఉన్న గేమ్‌కి అది అలంకారం, 30 దగ్గర ఉన్నదానికి మందు కాదు. 2025 ఫిబ్రవరి 28న వచ్చిన మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ అయితే ‘సిఫార్సు చేసిన’ మెషీన్ మీద కూడా 1080పీలో 60 రావాలంటే ఫ్రేమ్ జనరేషన్ ఉండాలని అధికారికంగానే రాసుకుంది. వేట ఎంత బాగున్నా ఆ పీసీ వెర్షన్‌ని దులిపేసినవాళ్లని తప్పుపట్టలేం. డబ్బు తీసుకుని అమ్మే సరుకులో అది లోపమే.

ప్రశ్న: మా గుంటడు ఇంటర్ చదువుతున్నాడు. ఏదో గేమ్‌కి గొప్ప మార్కులొచ్చాయట, నాలుగు వేలు పెట్టి కొనమంటున్నాడు. తీరా నచ్చకపోతే డబ్బులు వెనక్కొస్తాయాండి?
– ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: ఎక్కడ కొన్నారన్న దాన్ని బట్టి ఉంటుందండి. కంప్యూటర్‌లో స్టీమ్ మీద కొంటే, కొన్న 14 రోజుల లోపు, ఆడింది 2 గంటల లోపు అయితే కారణం ఏదైనా వెనక్కిస్తారు. స్టీమ్ సపోర్ట్ తెరిచి, కొనుగోళ్ల జాబితాలో ఆ గేమ్ ఎంచుకుని, రిఫండ్ కావాలని నొక్కాలి. డబ్బు కట్టిన ఖాతాకా, స్టీమ్ వ్యాలెట్‌కా అని అడుగుతుంది. ఖాతాకి పంపలేని పద్ధతిలో కట్టి ఉంటే వ్యాలెట్‌లో వేస్తారు. ముందస్తు బుకింగ్ చేసి ఉంటే 14 రోజుల లెక్క విడుదల నాటి నుంచి మొదలవుతుంది. విడుదలకి ముందే ఆడనిచ్చే ఖరీదైన ఎడిషన్ కొంటే అప్పుడు ఆడిన గంటలూ ఆ రెండు గంటల్లోకే వస్తాయి.

ఒక్క చోట జాగ్రత్త. గేమ్ తెరిచి ఉన్నంతసేపూ లెక్కే, ఆడకపోయినా. ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీ మీదకి 2023 మార్చిలో వచ్చినప్పుడు షేడర్లు తయారవడానికే చాలామందికి గంట దగ్గర పట్టింది. అంటే పరీక్షించుకోవడానికి ఇచ్చిన సమయంలో సగం మెనూ ముందే పోయింది. అందుకని మొదటి గంటన్నర కథ చూస్తూ కూర్చోకుండా, బాబుని సెట్టింగులు సరిచేసుకుని ఒక పోరాటం దాకా ఆడి తేల్చుకోమనండి.

ప్లేస్టేషన్ స్టోర్‌లో కొంటే 14 రోజుల గడువు ఉంది గానీ, డౌన్‌లోడ్ మొదలుపెట్టిన క్షణం నుంచి ఆ హక్కు పోతుంది, గేమే పాడైతే తప్ప. మీ ఇంట్లో డిస్క్ పట్టే ప్లేస్టేషన్ ఉంటే డిస్కే కొనండి. నచ్చకపోతే సగానికి పైగా ధరకి అమ్ముకోవచ్చు, వేరే గేమ్‌తో మార్చుకోవచ్చు.

ఇంకొకటి, ధర నాలుగు వేలతో ఆగదు. వూకాంగ్ లాంటి గేమ్ 130 జీబీ. రోజుకి 1.5 జీబీ ఇచ్చే ఫోన్ ప్యాక్‌తో అది దిగడానికి 87 రోజులు పడుతుంది. 50 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటే ఆరు గంటలు. బాక్సు మీద వయసు గుర్తు కూడా చూడండి. 18 అని ఉంటే మార్కులు ఎన్నొచ్చినా ఆ గుర్తుకే విలువ ఇవ్వండి.

ప్రశ్న: హాలో నైట్: సిల్క్‌సాంగ్‌ని ‘అనవసరంగా కష్టం’ అని కొందరు, ‘నీకు ఆడడం రాదు’ అని కొందరు తిట్టుకుంటున్నారు. లాస్ట్ జడ్జ్ దగ్గర ఆగిపోయాను. నిజంగా గేమ్‌లో తప్పుందా?
– డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: తప్పుందమ్మా, కాకపోతే జనం అంటున్న చోట కాదు. 2025 సెప్టెంబర్ 4న వచ్చిన ఈ గేమ్‌లో కష్టం అంతా ఒకే రకం కాదు, మూడు రకాలు కలిసి ఉన్నాయి. వాటిని విడదీసి చూడాలి.

మొదటిది దెబ్బల లెక్క. మనం ఆడించే పాత్ర హార్నెట్‌కి మొదట్లో ప్రాణం 5 మాస్కులు. పెద్ద శత్రువుల్లో చాలామంది ఒక్క దెబ్బకి 2 తీస్తారు, అంటే మూడో దెబ్బకి చావే. పాత హాలో నైట్‌తో పోలిస్తే ఇది కఠినంగా అనిపిస్తుంది. కానీ దీనికి ఎదురు లెక్క పెట్టారు. 9 సిల్క్ ఖర్చుపెట్టి బైండ్ చేస్తే ఒకేసారి 3 మాస్కులు వస్తాయి, గాల్లో ఉండగా కూడా చేయొచ్చు. సూదితో తొమ్మిది దెబ్బలు తగిలిస్తే ఆ సిల్క్ నిండుతుంది. దూరంగా పారిపోతూ ఆడేవాళ్లని ఈ గేమ్ శిక్షిస్తుంది, దగ్గరుండి కొట్టేవాళ్లని బతికిస్తుంది. ఇది ఆలోచించి కట్టిన కష్టం. దీన్ని తప్పంటే మేం ఒప్పుకోం.

రెండోది చచ్చాక మళ్లీ నడవాల్సిన దారి. మీరు ఆగిన లాస్ట్ జడ్జ్ అనే పెద్ద శత్రువు దీనికి ఉదాహరణ. చచ్చాక మళ్లీ లేచే చోటు బెంచ్. బ్లాస్టెడ్ స్టెప్స్ ప్రాంతంలోని బెంచ్ నుంచి ఇసుకలోంచి దూసుకొచ్చే పురుగుల్ని తప్పించుకుంటూ, గెంతుతూ, ప్రతిసారీ అదే దారి. ఆ నడకలో నేర్చుకునేది ఏమీ లేదు, శత్రువు కదలికలు చూసి మనసులో పెట్టుకున్నది కూడా ఈలోపు చెదిరిపోతుంది. చివర్లో అతను చచ్చాక పేలతాడు కూడా. గెలిచామని మీట వదిలేస్తే ఆ మంటకి పోతాం, మళ్లీ బెంచ్ నుంచే. విమర్శకులు దీన్ని గట్టిగా పట్టుకున్నారు, పట్టుకోవాల్సిందే.

మూడోది డబ్బు. కొన్ని బెంచీలకి గేమ్‌లోని డబ్బు రోజరీలు కట్టాలి, చస్తే చేతిలోవి చచ్చిన చోటే ఉండిపోతాయి, వాటిని తెచ్చుకునేలోపు మళ్లీ చస్తే పోతాయి. పనిముట్లకి షార్డ్స్ కావాలి, ఒకే శత్రువు దగ్గర పదేపదే ఓడితే అవీ అయిపోతాయి. ఓడినవాడినే ఇంకా పేదవాడిని చేసే పద్ధతి ఇది. విడుదలైన నెలలోనే వచ్చిన ప్యాచ్‌లో గేమ్ తయారుచేసిన టీమ్ చెర్రీ మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే శత్రువుల కష్టాన్ని కొంచెం తగ్గించి, మధ్యలో వచ్చే బెంచ్, దూరాలకి తీసుకెళ్లే బెల్‌వే ధరలూ దించింది. విమర్శలో పస ఉందని వాళ్లకీ తెలిసినట్టే.

ఇప్పుడు మీ సంగతి. జడ్జ్ దగ్గరికి వెళ్లే ముందు రోజరీల్ని దండలుగా కట్టించుకోండి, కాస్త ఎక్కువిచ్చుకోవాల్సి వచ్చినా దండలు చచ్చినా పోవు. బెల్‌హార్ట్‌లో ప్లిన్నీ చేత సూదికి పదును పెట్టించారా చూసుకోండి, అది లేకుండా పోరు చాలా సాగుతుంది. చచ్చిన చోట వేలాడే మీ గూడుని లోపలికి వెళ్లగానే పగలగొట్టకండి. దాన్ని కొడితే సిల్క్ మొత్తం నిండుతుంది కాబట్టి, ప్రాణం తగ్గే దాకా ఆపి, అప్పుడు కొట్టి వెంటనే బైండ్ చేయండి. క్రెస్ట్ అంటే పోరాడే పద్ధతి. ఏటవాలుగా కిందికి దూకే హంటర్ క్రెస్ట్‌తో గెంతులు తప్పుతుంటే వాండరర్ గానీ రీపర్ గానీ మార్చుకోండి, వాటితో దెబ్బ నిటారుగా కిందికి పడుతుంది. అతని ప్రాణం అయిపోగానే గోడ వైపు దూరంగా పరిగెత్తండి. అసలు అతన్ని వద్దనుకుంటే సిన్నర్స్ రోడ్ మీదుగా మిస్ట్‌లోకి పోయే దారి కూడా పైనగరానికి చేరుస్తుంది.

ప్రశ్న: పీఎస్4 సైబర్‌పంక్ 2077 డిస్క్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోంది. ఇప్పుడు అంతా బాగుచేశారట కదా, తీసుకోనా?
– పలాస నుంచి ఒకరు

జవాబు: పీఎస్4 మీద ఆడడానికైతే వద్దు. ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్నది 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 2.0 అప్‌డేట్‌ని. నైపుణ్యాల చెట్టు, పోలీసులు, శరీరంలో పెట్టుకునే యంత్రాలు అన్నీ అందులో మారాయి. అది పీఎస్4కి రాలేదు, ఫాంటమ్ లిబర్టీ అనే అదనపు కథ కూడా రాలేదు. 2020 డిసెంబర్‌లో సోనీ తన స్టోర్‌లోంచే తీసేసి, 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టని గేమ్ ఇది. విడుదలకి ముందు పత్రికలకి ఇచ్చినవి పీసీ కాపీలే. ఆ మొదటి గొప్ప మార్కులు మీ చేతిలోని మెషీన్‌కి ఎప్పుడూ వర్తించలేదు. డిస్క్ పట్టే పీఎస్5 మీ దగ్గరుంటే మాత్రం కళ్లు మూసుకుని తీసుకోండి, అదే పీఎస్4 డిస్క్‌తో పీఎస్5 వెర్షన్ ఉచితంగా వస్తుంది. గేమ్ ఆడినన్నాళ్లూ డిస్క్ లోపలే ఉండాలి.

ప్రశ్న: గెన్షిన్ ఇంపాక్ట్‌ని అందరూ పొగుడుతారు, ఫ్రీయే కదా. మా ఫ్రెండ్ మాత్రం డబ్బులు మింగేస్తుందంటాడు.
– ఇంటర్ విద్యార్థి, టెక్కలి

జవాబు: కథ, ఊళ్లు, సంగీతం వరకు పొగడ్త నిజం. మీ ఫ్రెండ్ చెప్పింది ఇంకా ముఖ్యమైన నిజం. ఇందులో కొత్త పాత్రలు ‘విష్’ అనే లాటరీలో వస్తాయి. అయిదు నక్షత్రాల పాత్ర ఒక్క విష్‌కి పడే అవకాశం 0.6 శాతం. యాభై విష్‌లు వేసినా నూటికి 74 మందికి ఆ లెక్క ప్రకారం ఏమీ రాదు. 90వ విష్‌కి ఒకటి తప్పకుండా ఇస్తారు, కానీ అది మీరు కోరుకున్న పాత్రే అవుతుందా అన్నది సగానికి కాస్త పైన ఉండే అదృష్టం. తప్పితే మళ్లీ 90. ఒక్క విష్‌కి గేమ్ లోపలి డబ్బు ప్రైమోజెమ్‌లు 160 కావాలి. అంటే ఫలానా పాత్రే కావాలంటే చెత్త అదృష్టంలో 28,800 దాచి ఉండాలి. దాచకుండా మధ్యలో కొనడం మొదలుపెట్టినవాళ్లే మునుగుతారు. డబ్బు పెట్టకుండా ఆడేవాళ్లు ఒక పాత్ర ఎంచుకుని నెలల తరబడి కూడబెట్టాలి. విమర్శకులు గేమ్‌ని విడుదలప్పుడు రెండు వారాలు ఆడి మార్కులేస్తారు, ఈ దురద ఆర్నెల్లకి గానీ తెలియదు. ఫోన్‌లో యూపీఐ, కార్డ్ పాస్‌వర్డ్ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరే ఉంచండి.

ప్రశ్న: రాజీ: యాన్ ఏన్షంట్ ఎపిక్ మన దేశపు గేమ్. బయటి విమర్శకులు చిన్నచూపు చూశారా?
– ఉపాధ్యాయుడు, ఇచ్ఛాపురం

జవాబు: లేదు మాస్టారూ. పుణేలోని నాడింగ్ హెడ్స్ 2020లో తెచ్చిన ఆ గేమ్‌ని వాళ్లు మెచ్చుకున్న చోట మనసారా మెచ్చుకున్నారు. రాజస్థానీ కోటల రంగులు, గోడల మీద దుర్గ, విష్ణువుల కథలు చెప్పే చిత్రాలు, కథాభాగాల్ని తోలుబొమ్మల నీడల్లా నడిపిన తీరు. తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఆ కీళ్ల కదలిక, వెనక వెలుతురు వెంటనే పట్టేస్తాయి. ఆ భాగాన్ని బయటివాళ్ల కంటే మనమే బాగా చదవగలం.

తప్పుపట్టింది పోరాటాన్ని. దెబ్బ వేయడం మొదలుపెట్టాక మధ్యలో తప్పుకోవడం కష్టం. కెమెరా మన చేతిలో ఉండదు కాబట్టి వెనక ఉన్నవాడు కనబడడు. శత్రువులు గుంపుగా వచ్చినప్పుడు ఈ రెండూ కలిసి అన్యాయంగా చంపుతాయి. త్రిశూలంతో స్తంభం చుట్టూ తిరిగి కొట్టే దెబ్బలు ఎక్కువ వాడితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. కథ కొన్ని గంటల్లోనే, అదీ సగంలో తెగిపోతుంది. ఇవన్నీ నిజమైన లోపాలే. తర్వాత వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లో పోరాటం సవరించి, హిందీ గొంతులు పెట్టారు. కొంటే అదే కొనండి. మనదని లోపాల్ని దాచితే రెండో గేమ్‌లోనూ అవే ఉంటాయి.

ప్రశ్న: మా కాలేజీ గోడపత్రికకి గేమ్ రివ్యూ రాయాలి. మార్కులు వేయాలా?
– విద్యార్థి, చీపురుపల్లి

జవాబు: వేయక్కర్లేదు. మొదటి పేరాలో నాలుగు సంగతులు పెట్టండి: ఏ మెషీన్, గేమ్ ఏ వెర్షన్, ఏ కష్టస్థాయి, ఎన్ని గంటలు ఆడి రాస్తున్నారు. తర్వాత ఒకే ఒక్క దృశ్యమో పోరాటమో తీసుకుని, మీట నొక్కితే ఏం జరిగింది, ఎందుకు బాగుంది లేదా ఎందుకు విసిగించింది అని అరపేజీ రాయండి. ‘గ్రాఫిక్స్ సూపర్, స్టోరీ యావరేజ్’ అన్న వాక్యాలు కొట్టేయండి, అవి ఏ గేమ్‌కైనా అతుకుతాయి. కథలో మొదటి మూడో వంతు దాటి ఏదీ బయటపెట్టకండి.

ప్రశ్న: క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33లో ప్యారీ ఎంత ప్రయత్నించినా పడడం లేదు. రివ్యూల్లో ఆ ప్యారీయే ప్రాణం అన్నారు. టీవీలో ఆడుతున్నా, పీఎస్5.
– గజపతినగరం నుంచి ఒకరు

జవాబు: ముందు టీవీని అనుమానించండి. 2025 ఏప్రిల్ 24న వచ్చిన ఈ గేమ్‌లో వంతులవారీ పోరాటమే అయినా శత్రువు దెబ్బ తగిలే క్షణంలో మీట నొక్కి దాన్ని తిప్పికొట్టాలి, అదే ప్యారీ. టీవీ మామూలు పిక్చర్ మోడ్‌లో ఉంటే బొమ్మకి మెరుగులు దిద్దుతూ 100 మిల్లీసెకన్ల దాకా ఆలస్యంగా చూపించొచ్చు. మీరు చూసి నొక్కే సరికి లోపల దెబ్బ తగిలేసి ఉంటుంది. ప్లేస్టేషన్ తగిలించిన హెచ్‌డీఎంఐ పోర్ట్‌కి గేమ్ మోడ్ ఆన్ చేయండి. చాలా టీవీల్లో ఇది పోర్ట్‌కి విడివిడిగా పెట్టాలి. మోషన్ స్మూతింగ్ పూర్తిగా ఆపండి. గేమ్ సెట్టింగుల్లో క్వాలిటీ కాకుండా పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి, 30 బదులు 60 ఫ్రేములు వస్తాయి. టీవీకి బ్లూటూత్ హెడ్‌ఫోన్లు కలిపి ఉంటే తీసేసి వైరువి కంట్రోలర్‌కి పెట్టుకోండి, దెబ్బ ముందు వచ్చే శబ్దమే చాలామందికి అసలు గుర్తు, బ్లూటూత్‌లో అది కూడా ఆలస్యంగానే చేరుతుంది.

ఇదంతా చేశాక కొత్త శత్రువు ఎదురైతే వెంటనే ప్యారీకి పోకండి. డాడ్జ్‌కి, అంటే దెబ్బ నుంచి తప్పుకోవడానికి ఇచ్చే వ్యవధి ఎక్కువ, ప్యారీకి తక్కువ. మొదటి రెండు మూడు వంతులు డాడ్జ్ మాత్రమే నొక్కుతూ ‘పర్ఫెక్ట్’ అని ఎప్పుడు పడుతోందో చూడండి. అది వరసగా పడుతున్న క్షణమే దాదాపు ప్యారీ క్షణం. అప్పుడు మారండి. వాళ్లు చేయి పైకెత్తి ఆగి, ఆలస్యంగా దించుతారు, చేయి లేవగానే నొక్కడమే మామూలుగా జరిగే పొరపాటు. ఒక వరసలోని దెబ్బలన్నీ ప్యారీ చేస్తేనే ఎదురుదాడి వస్తుంది, ఒక్కటి తప్పినా రాదు. అయినా కుదరకపోతే కష్టస్థాయిని స్టోరీకి దించండి, వ్యవధి పెరుగుతుంది, కథలో ఏదీ తగ్గదు. మీరు దాడి చేసేటప్పుడు నొక్కాల్సిన మీటల్ని ఆటోమేటిక్‌గా పెట్టుకునే వీలుంది గానీ, అది ప్యారీకి వర్తించదు.